మైనస్ రెండు కోతులు

ఒక కోతుల గుంపు. ఆ గుంపులో అయిదో వంతు ఎంతో చూసి, అందులోంచి మూడు తీసేసి, మిగిలినదాన్ని వర్గం చేస్తే ఎంత వస్తుందో అన్ని కోతులు గుహలోకి పోయాయి. ఒక్కటి మాత్రం కొమ్మ మీద కూర్చుని కనిపిస్తోంది. మొత్తం కోతులెన్ని?

ఇది భాస్కరాచార్యుడి 'బీజగణితం'లో ఉన్న లెక్క. ఆయన 'సిద్ధాంత శిరోమణి' పూర్తి చేసింది 1150లో, ముప్ఫై ఆరేళ్ళ వయసులో. బీజగణితాన్ని అందులో భాగంగానే చెప్తారు. గుంపులో 50 కోతులున్నాయనుకుందాం. అయిదో వంతు 10, మూడు తీస్తే 7, దాని వర్గం 49, కొమ్మ మీది ఒకటి కలిపితే 50. చక్కగా సరిపోయింది. అయితే ఇది వర్గ సమీకరణం కాబట్టి రెండో జవాబు కూడా ఉంది. అది 5. అయిదో వంతు 1, అందులోంచి మూడు తీస్తే −2, దాని వర్గం 4. గుహలో నాలుగు, కొమ్మ మీద ఒకటి, మొత్తం అయిదు. ఎంత వెతికినా ఇందులో లెక్క తప్పిన చోటు కనపడదు.

భాస్కరుడికి ఈ రెండో జవాబు తెలియక కాదు. రెండూ చెప్తాడు. చెప్పి, రెండోదాన్ని తీసుకోవద్దంటాడు. ఎందుకు వద్దో కూడా చెప్తాడు. విడిగా నిలబడ్డ ఋణసంఖ్య మీద లోకానికి నమ్మకం ఉండదట, అదీ కారణం. నాకు ఆశ్చర్యం కలిగించేది ఆ 'లోకం' అన్న మాట. అది తప్పు జవాబని ఆయన అనలేదు. నేను నమ్మనని కూడా అనలేదు. జనం ఒప్పుకోరయ్యా అన్నాడు. క్లయింట్ ముందు డెమో ఇవ్వబోయే ముందు ఓ సీనియర్ మన పక్కకొచ్చి, "ఇది కరెక్టే గానీ, ఆ స్లైడ్ తీసెయ్" అంటాడు చూడండి, అచ్చం ఆ గొంతు.

ఇదే మనిషి 'లీలావతి'లో ఏం చేశాడో చూస్తే విషయం ఇంకా ఆసక్తిగా మారుతుంది. అక్కడొక త్రిభుజం ఇచ్చాడు. రెండు పక్క భుజాలు 10, 17. భూమి 9. పై శీర్షం నుంచి భూమి మీదకి ఒక లంబం దింపితే భూమి రెండు ముక్కలవుతుంది కదా, ఆ ముక్కలెంతెంత అని ప్రశ్న. మామూలు సూత్రం వాడితే ఒక ముక్క 15 వస్తుంది, రెండోది −6. భూమి మొత్తమే 9 అయితే అందులో ఒక ముక్క 15 ఏమిటి, మైనస్ ఆరేమిటి? బొమ్మ గీస్తే తెలిసిపోతుంది. ఈ త్రిభుజం ఒక పక్కకి బాగా వాలిపోయింది. లంబం భూమి మీద పడకుండా, దాన్ని అవతలికి పొడిగిస్తే ఆరు కొలతల దూరంలో పడుతుంది. లంబం ఎత్తు 8. ఆరు, ఎనిమిది, పది ఒక లంబకోణ త్రిభుజం, ఎనిమిది, పదిహేను, పదిహేడు ఇంకోటి. భాస్కరుడు ఇక్కడ ఏ మాత్రం తడుముకోలేదు. ఋణం వచ్చిందంటే ఆ ముక్క ఎదురు దిక్కున ఉందని అర్థం, అని చెప్పి ముందుకెళ్ళిపోయాడు.

గీత మీద మైనస్ ఆరు చెల్లింది, కోతుల్లో మైనస్ రెండు చెల్లలేదు. ఒకే మనిషి, ఒకే తర్కం, ఒకే గుర్తు. (అప్పటి గుర్తు అంకె పైన పెట్టే చుక్క. అంతకు ముందుదైన బక్షాలీ రాతప్రతిలో అయితే ఋణానికి గుర్తుగా అంకె పక్కన మన ప్లస్ లాంటి గుర్తు పెట్టేవారు! అది చదివిన రోజు కాసేపు నవ్వుకున్నాను.) ఈ తేడా ఎందుకన్నదే నా ప్రశ్న. అమూర్తంగా ఆలోచించడం అనే దాని గురించి నాకు తెలిసిన ప్రశ్నల్లో ఇది అతి చిన్నది, అతి మొండిది కూడా.

కొంచెం వెనక్కి వెళ్దాం. మనం ఇప్పటికీ బళ్ళో 'ధన సంఖ్య, ఋణ సంఖ్య' అంటాం. ఆ మాటలు బ్రహ్మగుప్తుడివి. 628లో, ముప్ఫై ఏళ్ళ వయసులో రాసిన 'బ్రాహ్మస్ఫుట సిద్ధాంతం' పద్దెనిమిదో అధ్యాయంలో ధనం, ఋణం, శూన్యం ఈ మూడింటికీ కలిపి కూడికా తీసివేతా గుణకారమూ భాగహారమూ ఎలా చెయ్యాలో నియమాలు ఇచ్చాడు. అంతకు ముందే చైనాలో 'తొమ్మిది అధ్యాయాలు' అనే గ్రంథంలో సమీకరణాలు సాధించడానికి రెండు రకాల పుల్లలు వాడేవారు. 263లో దానికి వ్యాఖ్యానం రాసిన ల్యూ హుయ్ ధనానికి ఎర్ర పుల్లలు, ఋణానికి నల్ల పుల్లలు అని రాశాడు. మన బ్యాంకు స్టేట్‌మెంట్ రంగులకి సరిగ్గా తలకిందులు. అయితే పుల్లలు లెక్క నడిచే మధ్యలో ఉండేవి. జవాబుగా నల్ల పుల్ల మిగలకూడదు. బ్రహ్మగుప్తుడు ఒక అడుగు ముందుకేసి వాటికి పేర్లు పెట్టి, సున్నా పక్కన కూర్చోబెట్టి, ఇవి కూడా సంఖ్యలే, వీటికీ ఒక పద్ధతి ఉంది అన్నాడు.

దీనివల్ల ఏం లాభమో తెలియాలంటే రెండు శతాబ్దాల తర్వాతి బాగ్దాద్ చూడాలి. 820 ప్రాంతంలో అల్-ఖ్వారిజ్మీ రాసిన పుస్తకంలో ఋణ సంఖ్యలు ఉండవు. అందుకని ఆయన సమీకరణాల్ని ఆరు రకాలుగా విడగొట్టాల్సి వచ్చింది. వర్గాలూ మూలాలూ కలిసి సంఖ్యకి సమానమైతే ఒక పద్ధతి, వర్గాలూ సంఖ్యా కలిసి మూలాలకి సమానమైతే ఇంకొకటి, ఇలాగ. ఏదీ మైనస్ కాకూడదు కాబట్టి ప్రతిదాన్నీ సమానం గుర్తుకి ఏదో ఒక పక్క ప్లస్‌గా సర్దాలి. కోడ్ రాసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన అవస్థ. ఒక్క విలువని అనుమతించనందుకు ఆరు 'ఇఫ్-ఎల్స్'లు. ఋణసంఖ్యని ఒప్పుకుంటే వర్గ సమీకరణాలన్నిటికీ ఒకే సూత్రం. అమూర్తం అంటే గాల్లో మేడలు కట్టడం అనుకుంటాం గానీ, చాలాసార్లు అది ఇంట్లో సామాను తగ్గించడం.

అప్పు, ఆస్తి అన్న పోలిక కూడికకి అద్భుతంగా పనిచేస్తుంది. చిట్టా ఆవర్జా రాసిన ఎవరికైనా ఇది చెప్పక్కర్లేదు. మూడొందలు జమ, అయిదొందలు బాకీ, అయితే నికరం రెండొందల బాకీ. బాకీలు రెండు కలిస్తే పెద్ద బాకీ. ఉన్న బాకీ కొట్టేస్తే ఆ మేరకు ఆస్తి పెరిగినట్టే. ఇవన్నీ బ్రహ్మగుప్తుడు చెప్పాడు. ఆ వరసలోనే, అదే గొంతుతో, రెండు ఋణాల్ని గుణిస్తే ధనం వస్తుందనీ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. శ్లోకాల్లో రాసే శాస్త్రగ్రంథాల్లో కారణాలు చెప్పే ఆనవాయితీ పెద్దగా లేదు, అది గురువు నోటి నుంచి వినాలి. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో 'గణితసార సంగ్రహం' రాసిన మహావీరాచార్యుడు ఇంకాస్త ముందుకెళ్ళాడు. ఏ సంఖ్యని వర్గం చేసినా ధనమే వస్తుంది కాబట్టి ఋణానికి వర్గమూలం అనేది స్వభావరీత్యానే ఉండదని తేల్చాడు. ఈ మహావీరుడి పుస్తకాన్నే పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మల్లనని పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కాలంవాడిగా చెప్తారు. భారతం తెలుగయ్యే రోజుల్లోనే భాగహారం కూడా తెలుగవుతోందన్న మాట. మన సాహిత్య చరిత్రల్లో నన్నయకి దక్కిన పేజీల్లో మల్లనకి దక్కేది ఒక పేరా. ఆ సంగతి ఇంకోసారి.

ఇక అసలు తిరకాసు. ఫ్రెంచి నవలాకారుడు స్టెంధాల్ తన ఆత్మకథలో చిన్నప్పటి లెక్కల క్లాసు గురించి రాసుకున్నాడు. ఆయన 1783లో గ్రెనోబుల్‌లో పుట్టాడు. కుర్రాడికి గణితమంటే పిచ్చి ప్రేమ. కారణం కూడా చెప్పాడు. కపటానికి చోటులేని చోటు అదొక్కటే అనిపించిందట. అలాంటివాడికి మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ ఎందుకవుతుందో ఏ మాస్టారూ చెప్పలేకపోయాడు. అందరూ అలా అవుతుందంతే అన్నారు. ఈ కుర్రాడు అప్పుల పోలిక పట్టుకుని అడిగాడు. పదివేల ఫ్రాంకుల అప్పుని అయిదొందల ఫ్రాంకుల అప్పుతో గుణిస్తే ఆ మనిషికి యాభై లక్షల ఆస్తి ఎక్కడినుంచి ఊడిపడుతుంది? అతనికి జవాబు దొరకలేదు. దొరక్కపోవడం కంటే, పెద్దవాళ్ళు కపటంగా తప్పించుకుంటున్నారన్న అనుమానం అతన్ని ఎక్కువ బాధపెట్టింది.

ఈ ప్రశ్న ఫ్రాన్సు నుంచి రానక్కర్లేదు. ఏడో తరగతి చదివే మా అక్క కూతురు మొన్న వీడియో కాల్‌లో ఇదే అడిగింది. "మావయ్యా, అప్పుని అప్పుతో హెచ్చేస్తే లాభం ఎలా వస్తుంది? అలాగైతే నాన్న ఇంకో లోన్ తీసుకోవచ్చుగా?" వెనకనుంచి మా బావ నవ్వు వినిపించింది. మా కాలంలో కోచింగ్ సెంటర్లో దీనికి చెప్పిన జవాబు, 'శత్రువుకి శత్రువు మిత్రుడు'. పరీక్షకి గుర్తుపెట్టుకోవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ కాస్త ఆలోచిస్తే ఇది కారణం కాదు, సామెత. దీనికి సరిగ్గా సరితూగే ఇంకో సామెత నేను చెప్పగలను. తప్పు మీద తప్పు చేస్తే ఒప్పయిపోదు.

స్టెంధాల్ ప్రశ్నకి సగం జవాబు ఏ ఫిజిక్స్ మాస్టారైనా చెప్పగలడు. ఫ్రాంకుల్ని ఫ్రాంకులతో గుణించకూడదు. పదివేల ఫ్రాంకుల ఆస్తిని అయిదొందల ఫ్రాంకుల ఆస్తితో గుణించినా యాభై లక్షల ఫ్రాంకులు రావు. వచ్చేది వర్గ ఫ్రాంకులు, అవి ఏ బజార్లోనూ చెల్లవు. అందుకని పోలికని నిలబెట్టాలంటే ఒకటి అప్పు కావాలి, రెండోది 'ఎన్నిసార్లు' అన్నది కావాలి. నెలకి అయిదు వేల కిస్తీ ఉంది, మూడు కిస్తీలు రద్దు చేశారు, అంటే −3 సార్లు −5,000. నీ చేతిలో పదిహేను వేలు మిగిలాయి. మా మేనకోడలికి నేను చెప్పిందీ ఇదే. ఒప్పుకుంది. కానీ నాకే పూర్తిగా తృప్తి కలగలేదు.

ఎందుకంటే ఒక్కసారి మళ్ళీ కోతుల దగ్గరికి రండి. కోతుల్లో అయిదో వంతు అంటే కొన్ని కోతులు. అందులోంచి మూడు తీస్తే మిగిలేవీ కోతులే. వాటిని వర్గం చెయ్యడం అంటే? ఏడు కోతుల్ని ఏడు కోతులతో గుణిస్తే వచ్చేవి నలభై తొమ్మిది వర్గ కోతులు కావాలి! అవి గుహలోకి ఎలా వెళ్ళాయి? ఆ లెక్క చదివినప్పుడు ఇది మనకి తట్టలేదు. భాస్కరుడికి ఇది ఇబ్బందిగా తోచలేదు, ఆయన చెప్పిన లోకానికీ తోచి ఉండదు. 'వర్గం చేస్తే' అన్న మాట దగ్గరే కోతులు చెట్టు దిగి వెళ్ళిపోయాయి. అప్పటినుంచి నడుస్తున్నవి ఉత్త అంకెలే. లెక్క చివర మళ్ళీ 'కోతులు' అన్న పేరు తగిలించుకున్నాం, అంతే. అమూర్తం అనే గీత మనం −2 దగ్గర దాటలేదు. అంతకంటే చాలా ముందే, ఎవరూ పేచీ పెట్టని చోట, నిశ్శబ్దంగా దాటేశాం. −2 చేసిన పాపమల్లా మనం ఆ గీత దాటామని గుర్తుచెయ్యడం.

భాస్కరుడి బీజగణితానికి 1600 ప్రాంతంలో కృష్ణ దైవజ్ఞుడు 'బీజపల్లవం' అనే వ్యాఖ్యానం రాశాడు. నాకిష్టమైన పుస్తకం. ఎందుకంటే అది శ్లోకాల వెనక ఉండిపోయిన 'ఎందుకు'ని బయటికి తెస్తుంది. ఋణత్వం మూడు రకాలంటాడు. దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి, వస్తువుని బట్టి. మూడింటిలోనూ ఉన్నది ఎదురు కావడమే. దేశానికి ఉదాహరణగా కాశీని మధ్యలో పెట్టి, తూర్పుని ఒక ఊరూ పడమట ప్రయాగా తీసుకుంటాడు. తూర్పు ధనమైతే పడమర ఋణం. కాలంలో ముందురోజులు, వెనకరోజులు. వస్తువుల్లో ఆస్తి, అప్పు. అంటే అప్పు అన్నది ఋణసంఖ్యకి అర్థం కాదు, అనేక ఉదాహరణల్లో ఒకటి. పేరు మాత్రం దానిదే నిలిచిపోయింది. ఇప్పటి ఆఫీసు లిఫ్టుల్లో −1, −2 నొక్కి పార్కింగ్‌కి దిగేవాళ్ళెవరూ ఎవరికీ బాకీ పడినట్టు అనుకోరు కదా.

ఈ వర్గీకరణతో భాస్కరుడి వైఖరి కూడా అర్థమవుతుంది. గీత మీద ఎదురు దిక్కు ఉంది కాబట్టి −6 చెల్లింది. కోతులకి ఎదురు లేదు. కోతికి వ్యతిరేకమైన జంతువు ఉండదు. కోతి లేకపోవడం సున్నా, అంతకంటే తక్కువగా కోతులు ఉండటం ఎవరూ చూడలేదు. సంఖ్య ఏ వస్తువుకి అంటుకుని ఉందో ఆ వస్తువుకి ఎదురు ఉంటేనే మైనస్ చెల్లుతుందన్నది ఆయన అభిప్రాయమైతే, నాకది చాలా నిజాయితీ ఉన్న అభిప్రాయంగానే కనిపిస్తుంది.

ఆ నిజాయితీనే మొండితనంగా మార్చినవాళ్ళు యూరప్‌లో ఉన్నారు. పదిహేడో శతాబ్దంలో ఆర్నో అనే ఫ్రెంచి పండితుడు ఒక చక్కటి అభ్యంతరం లేవదీశాడు. −1కి 1 ఎంతో, 1కి −1 అంత అంటున్నారు. చిన్నదానికి పెద్దది ఎంతో, పెద్దదానికి చిన్నది అంతే ఎలా అవుతుంది? లైబ్నిజ్ దీన్ని కొట్టిపారెయ్యలేదు. అభ్యంతరం నిజమేనంటూనే, లెక్క మాత్రం సరిగ్గా వస్తోంది కాబట్టి వాడుకోవచ్చన్నాడు. ఇంజనీర్ జవాబు. తర్వాత ఇంగ్లండులో ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే లాయరు 1758లో మైనస్ గుర్తు వాడకం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. పెద్దదాంట్లోంచి చిన్నది తియ్యడానికి తప్ప ఆ గుర్తుకి వేరే పని ఉండకూడదని ఆయన వాదన. కేంబ్రిడ్జి మనిషి విలియం ఫ్రెండ్ 1796లో ఋణసంఖ్యలు అసలే లేని బీజగణిత పాఠ్యపుస్తకం అచ్చువేశాడు. ఇదే ఫ్రెండ్‌ని అంతకు మూడేళ్ళ ముందు రాజకీయాల మీదా మతం మీదా రాసిన ఒక కరపత్రానికి విశ్వవిద్యాలయం విచారణ జరిపి వెళ్ళగొట్టింది. తనకి అర్థం కానిది, అందరూ ఒప్పుకుంటున్నారు కాబట్టి ఒప్పుకోవడం ఆయన వల్ల కాదు, చర్చిలోనైనా బీజగణితంలోనైనా.

గణిత చరిత్ర పుస్తకాలు వీళ్ళని వెనకబడ్డవాళ్ళుగా చూపించి నవ్వుకుంటాయి. నాకు మాత్రం ఫ్రెండ్ అడిగింది సరైన ప్రశ్న అనిపిస్తుంది. ఇచ్చిన జవాబు పనికిరాకపోవచ్చు. అప్పటి పాఠ్యపుస్తకాలు 'అప్పు లాంటిది' అని మొదలుపెట్టి, గుణకారం దగ్గరికి రాగానే పోలిక వదిలేసి నియమం పట్టుకునేవి. వదిలేసిన సంగతి మాత్రం చెప్పేవి కావు. 1817లో కోల్‌బ్రూక్ బ్రహ్మగుప్త భాస్కరుల్ని ఇంగ్లీషులోకి అనువదించి లండన్‌లో అచ్చువేశాడు. దాంతో పన్నెండొందల ఏళ్ళ నాటి నియమాలు వాళ్ళ చేతికొచ్చాయి. కానీ వాటిలోనూ నియమాలే ఉన్నాయి.

ఫ్రెండ్ కూతురు సోఫియాని 1837లో పెళ్ళి చేసుకున్నవాడు అగస్టస్ డి మోర్గాన్. మన తర్కం పుస్తకాల్లో పేరు కనిపించే ఆయనే. పుట్టింది మదురైలో, 1806లో. ఆయన 1831లో రాసిన పుస్తకంలో ఒక చిన్న లెక్క ఉంది. తండ్రికి 56 ఏళ్ళు, కొడుక్కి 29. ఎన్నేళ్ళకి తండ్రి వయసు కొడుకు వయసుకి రెట్టింపవుతుంది? సాధిస్తే −2 వస్తుంది. డి మోర్గాన్ దీన్ని అసంబద్ధమైన జవాబు అన్నాడు. ప్రశ్న తప్పుగా వేశావు, 'ఎన్నేళ్ళ క్రితం' అని అడిగి ఉండాల్సింది, అని సమీకరణం మనకి చెప్తోందట. నిజమే, రెండేళ్ళ క్రితం తండ్రికి 54, కొడుక్కి 27. కృష్ణ దైవజ్ఞుడైతే కాలానికి ఎదురుంది, చెల్లుతుంది పొమ్మనేవాడు. అదే డి మోర్గాన్ తర్వాతి ఇరవై ఏళ్ళలో, గుర్తులకి ముందే అర్థం ఉండక్కర్లేదనే కొత్త బీజగణితం పక్షానికి వచ్చేశాడు. మామగారితో భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారో!

ఆ కొత్త బీజగణితానికి దారి తీసింది జార్జ్ పీకాక్. 1830లో ఆయన బీజగణితాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి అంకగణితపు బీజగణితం. అందులో పెద్దదాంట్లోంచి చిన్నదే తియ్యాలి, ఫ్రెండ్ చెప్పినట్టే. రెండోది గుర్తుల బీజగణితం. మొదటిదాంట్లో ఏ నియమాలు నడిచాయో వాటిని ఇక్కడ ఏ షరతూ లేకుండా నడవనిస్తాం. నడవనిస్తే ఏం వస్తుందో చూస్తాం. 1867లో హాంకెల్ దీన్ని ఇంకా శుభ్రం చేసి, మైనస్ ఇంటూ మైనస్ ఎక్కడినుంచి వస్తుందో స్పష్టంగా చూపించాడు. నాలుగు వరసల పని.

దేన్ని సున్నాతో గుణించినా సున్నా. కాబట్టి −1 × 0 = 0. ఆ సున్నాని 1 + (−1) అని రాసుకోవచ్చు. ఇప్పుడు విభాగ న్యాయం వాడదాం, అంటే బ్రాకెట్ విప్పుదాం. −1 × 1 అంటే −1. దానికి −1 × −1 కలిపితే మొత్తం సున్నా రావాలి. −1కి ఎంత కలిపితే సున్నా? 1. అంతే.

ఇందులో అప్పుల్లేవు, శత్రువుల్లేరు, కిస్తీల్లేవు. జాగ్రత్తగా చూస్తే ఇది మైనస్ ఇంటూ మైనస్ ప్లస్ అని నిరూపించడం కూడా కాదు. 'మామూలు సంఖ్యలకి నడిచే బ్రాకెట్ విప్పే నియమం ఈ కొత్త సంఖ్యలకీ నడవాలని నువ్వు కోరుకుంటే, ఇది ప్లస్ కాక తప్పదు' అని చెప్పడం. నీకు మైనసే కావాలా, తీసుకో. కానీ బ్రాకెట్లు విప్పడం మానుకోవాలి. స్టెంధాల్ మాస్టారు ఈ మాట చెప్పి ఉంటే ఆ కుర్రాడికి కపటం కనపడేది కాదు. ఏది మనం కనిపెట్టిన సత్యం, ఏది మనం చేసుకున్న ఎంపిక అన్నది విడదీసి చెప్పడమే అక్కడ కావలసింది.

వస్తువులు వెళ్ళిపోయాక ఏ నియమాల్ని మనతో తెచ్చుకోవాలన్న నిర్ణయం అమూర్త ఆలోచనలో పెద్ద భాగం అని నాకనిపిస్తుంది. కంప్యూటర్ల దగ్గర నేను రోజూ చూసేదీ ఇదే. ఎనిమిది బిట్లలో −1ని ఎనిమిది ఒకట్లుగా దాస్తారు. గుర్తులేని సంఖ్యగా చదివితే అదే 255. చూడ్డానికి విడ్డూరంగా ఉన్నా ఎందుకలా చేశారంటే, కూడే సర్క్యూట్ ధనానికీ ఋణానికీ ఒకటే సరిపోతుంది. నియమాన్ని నిలబెట్టుకోవడానికి రూపాన్ని వంచారు. దానికి చెల్లించే మూల్యమూ ఉంది. ఈ పద్ధతిలో అతి చిన్న ఋణసంఖ్యకి ధన జోడీ ఉండదు. అందుకే జావాలో ఆ సంఖ్యకి గుర్తు తీసేసి విలువ మాత్రం ఇమ్మని అడిగితే, మళ్ళీ ఋణసంఖ్యే ఇస్తుంది.

ఎంపిక అని తెలిసిపోయాక ఇంకో ప్రశ్న రావాలి. ఏ నియమాన్నయినా వదులుకోవచ్చా? ఈ ప్రశ్న దాకా వచ్చినవాడు డబ్లిన్‌లో ఉన్న విలియం రోవన్ హామిల్టన్. 1837లో అచ్చయిన తన వ్యాసం మొదట్లోనే ఆయన ఫ్రెండ్ లాంటి సందేహాలే వెలిబుచ్చాడు. పెద్దదాన్ని చిన్నదాంట్లోంచి తియ్యడమేమిటి, రెండు ఋణాలు గుణిస్తే ధనమేమిటి, ఇలాంటి పునాది మీద శాస్త్రం నిలబడుతుందా అని. ఆ అసంతృప్తితో ఆయన సంకీర్ణ సంఖ్యల్ని మామూలు సంఖ్యల జంటలుగా కట్టుకొచ్చాడు. జంటలు కుదిరాయి కదా, మూడేసి సంఖ్యలతో కుదురుతుందా అని ఏళ్ళ తరబడి ప్రయత్నించాడు. కుదరలేదు. 1843 అక్టోబర్ 16న భార్యతో కలిసి రాయల్ కెనాల్ గట్టున నడుస్తుంటే, మూడు కాదు నాలుగు కావాలని తట్టింది. ఆ సూత్రాన్ని బ్రూమ్ వంతెన రాయి మీద చాకుతో చెక్కేశాడు. క్వాటర్నియన్లు. వీటిలో ముందొకటి తర్వాతొకటి గుణిస్తే ఒక జవాబు, వరస మారిస్తే గుర్తు మారిన జవాబు రావచ్చు. మూడు నాలుగ్గళ్ళో నాలుగు మూళ్ళో ఒకటే అన్న, ఎక్కాలంత పాత నియమాన్ని ఆయన వదులుకున్నాడు. బ్రాకెట్ విప్పే నియమాన్ని ఉంచుకున్నాడు. ఫ్రెండ్ 1841లోనే పోయాడు, ఇది చూడలేదు.

ఇప్పుడు వీడియో గేముల్లో పాత్రలు తిరగాలన్నా, ఉపగ్రహం ఎటు తిరిగి ఉందో లెక్కగట్టాలన్నా క్వాటర్నియన్లు వాడతారు. వాటిలో ఒక వింత ఉంది. ఏదైనా వస్తువుని పూర్తిగా ఒక చుట్టు, 360 డిగ్రీలు తిప్పితే అది మొదట ఉన్నట్టే కనపడుతుంది. కానీ క్వాటర్నియన్‌లో ఆ చుట్టు విలువ −1. ఒక తిప్పు తర్వాత ఇంకో తిప్పు అంటే అక్కడ గుణకారం. కాబట్టి ఇంకో చుట్టు తిప్పితే −1 × −1, మళ్ళీ 1.

దీన్ని చూడటానికి కంప్యూటర్ అక్కర్లేదు. కుడి అరచేతిలో ఒక పళ్ళెం పెట్టుకోండి. అరచెయ్యి ఎప్పుడూ ఆకాశం వైపే ఉండాలి, పళ్ళెం పడకూడదు. పళ్ళేన్ని చంక కిందినుంచి వెనక్కి తీసుకెళ్ళి పూర్తిగా ఒక చుట్టు తిప్పండి. పళ్ళెం మొదట ఉన్నట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం మోచెయ్యి పైకి లేచి మెలిపడిపోతుంది. అక్కడ ఆగకుండా, అదే దిశలో, ఈసారి తల మీదుగా, ఇంకో చుట్టు తిప్పండి. మెలిక ఇంకా పెరగాలి కదా. పెరగదు, విడిపోతుంది. మొదటిసారి మాత్రం ఖాళీ పళ్ళెంతో చెయ్యండి.